హార్బరు ఇంగ్లీషులో వాక్యాల గుట్టు

డాల్ఫిన్స్ నోస్ కొండకి అవతల లంగరేసిన ఓడ మన విశాఖ హార్బరులోకి రావాలంటే ముందు రేడియోలో మాట్లాడుకోవాలి కదా. ఓడ మీద ఉన్న కెప్టెను ఫిలిప్పీన్సు వాడు కావచ్చు, గ్రీసు వాడు కావచ్చు. ఇటువైపు మైకు పట్టుకున్నది మన పెదవాల్తేరు కుర్రాడు కావచ్చు. ఇద్దరిలో ఎవరింట్లోనూ ఇంగ్లీషు మాట్లాడరు. అయినా ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో ఒక తమాషా ఉంది పిల్లలూ. అసలు వాక్యం మొదలెట్టకముందే, ఆ రాబోయే వాక్యం ఏ రకమో పేరు పెట్టి చెప్పే పద్ధతి ఒకటుంది. "క్వశ్చన్" అని ఓ క్షణం ఆగి, "వాట్ ఈజ్ యువర్ డ్రాఫ్ట్?" అంటారు. ఓడ నీళ్ళలోకి ఎంత లోతు దిగి ఉందని అడగడమన్నమాట. అటునుంచి "ఆన్సర్" అని వచ్చి, ఆ తర్వాత "మై డ్రాఫ్ట్ ఈజ్ వన్ ఫోర్ మీటర్స్" అని వస్తుంది. ఫోర్టీన్ అనరు, వన్ ఫోర్ అని అంకె అంకె విడదీస్తారు. ఫోర్టీన్ కాస్తా ఫోర్టీ అని వినబడితే కొంప మునుగుతుంది. ఇక్కడ కొంప కాదు, ఓడే.

ఇది ఎవరో ఛాదస్తులు పెట్టుకున్న ఆచారం కాదు. ఓడల భద్రత చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఒకటి లండన్‌లో ఉంది, ఇంటర్నేషనల్ మారిటైమ్ ఆర్గనైజేషన్ అని. భాష తేడా వచ్చినచోట సముద్రం మీద ఇంగ్లీషు వాడుకుందామని 1973లో అక్కడ అనుకున్నారు. 1977లో ఒక చిన్న పదకోశం చేశారు. అది చాలక, 2001 నవంబరులో స్టాండర్డ్ మెరైన్ కమ్యూనికేషన్ ఫ్రేజెస్ అనే పెద్ద వాక్యాల చిట్టా ఆమోదించారు. వాక్యానికి ముందు వాడుకోవడానికి అందులో ఎనిమిది గుర్తుమాటలున్నాయి: ఇన్‌స్ట్రక్షన్, అడ్వైస్, వార్నింగ్, ఇన్ఫర్మేషన్, క్వశ్చన్, ఆన్సర్, రిక్వెస్ట్, ఇంటెన్షన్.

ఈ ఎనిమిదీ వినగానే తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మడు అడ్డం తిరిగింది.

"అదేటి తాతా, సెంటెన్సులు నాలుగు రకాలే అన్నారు మా మేడమ్. డిక్లరేటివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ. ఎనిమిదెక్కడివి?"

మేడమ్ చెప్పిందీ నిజమే, ఓడవాళ్ళు చెప్పేదీ నిజమే. మేడమ్ లెక్క వాక్యం ఆకారాన్ని బట్టి. ఓడవాళ్ళ లెక్క వాక్యం చేసే పనిని బట్టి. ఆకారానికీ పనికీ పొత్తు కుదిరినంతసేపూ గొడవ లేదు. కుదరనప్పుడే తంటా. హార్బరు ప్రహరీ గోడల మీద ఒక బోర్డు చూస్తుంటారు: "ట్రెస్‌పాసర్స్ విల్ బి ప్రాసిక్యూటెడ్." ఆకారం చూస్తే డిక్లరేటివ్, ఏదో సమాచారం చెబుతున్నట్టు ఉంటుంది. చేసే పనేమో లోపలికి అడుగు పెట్టావో జాగ్రత్త అని బెదిరించడం. మీ అమ్మ వంటింట్లోంచి "స్నానం చేశావా?" అని కేకేస్తుంది. ఆకారం ప్రశ్నే. "ఇంకా చెయ్యలేదమ్మా" అని నిజాయితీగా జవాబిచ్చి కూర్చున్నవాడికి ఏమవుతుందో మా చిన్నోడిని అడగండి.

అమ్మడూ, నీ తెలుగు వాచకం తీసి చూడు. అక్కడ వాక్యాలు నాలుగేనా? విధ్యర్థకం, నిషేధార్థకం, ప్రశ్నార్థకం, అనుమత్యర్థకం, ప్రార్థనార్థకం, ఆశీరర్థకం, సామర్థ్యార్థకం, సంభావనార్థకం, ఇలా కొల్లేటి చాంతాడంత ఉంటుంది జాబితా. బట్టీ పట్టలేక మీరు తిట్టుకునే ఆ జాబితా ఉంది చూశావూ, అది వాక్యం చేసే పనిని బట్టి చేసిన లెక్క. ఓడవాళ్ళ ఇన్‌స్ట్రక్షన్ మన విధ్యర్థకానికి దగ్గర. రిక్వెస్టు ప్రార్థనార్థకానికి దగ్గర. మన వ్యాకరణం పంతులుగారు ఏ ఓడా ఎక్కకుండానే ఆ దారిన వెళ్ళారంటే నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఒక్క మాట తీసుకుని చూద్దాం, మే. "షిప్స్ మే ఎంటర్ ద ఛానల్." ఓడలు లోపలికి రావచ్చని అనుమతి ఇస్తున్నారా? లేక ఓడలు వచ్చే సూచన ఉంది, జాగ్రత్తగా ఉండండి అంటున్నారా? నవ్వకండి, తెలుగులోనూ అంతే. "మీరు లోపలికి రావచ్చు" అంటే అనుమత్యర్థకం. "సాయంత్రం వాన రావచ్చు" అంటే సంభావనార్థకం. వానకి ఎవరూ పర్మిషన్ ఇవ్వరు కాబట్టి మనకి తెలిసిపోతుంది. ఓడ సంగతి అలా కాదు, దానికి పర్మిషనూ కావాలి, అది తనంత తానూ రాగలదు. అందుకే ఆ 2001 చిట్టాలో మే, మైట్, షుడ్, కుడ్ అనే మాటల్ని వాడొద్దన్నారు. అనుమతి అయితే "యూ హావ్ పర్మిషన్" అని తేటగా చెప్పాలి. హెచ్చరిక అయితే ముందు "వార్నింగ్" అనాలి.

ఇంతకీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఈ బాధ ఎందుకు రాదు? మొహం కనిపిస్తుంది, చెయ్యి కదులుతుంది, గొంతు లేస్తుంది, పడుతుంది. రేడియోలో మొహం ఎలాగూ లేదు. గొంతు కూడా పూర్తిగా రాదు. మనిషి మాటలో సుమారు 100 హెర్ట్జుల నుంచి 8000 హెర్ట్జుల దాకా శబ్దాలుంటాయి. ఓడల వీహెచ్ఎఫ్ రేడియో దాదాపు 300 నుంచి 3000 హెర్ట్జుల మధ్య ముక్కనే పంపుతుంది. ఎస్, ఎఫ్ లాంటి ఊదుడు శబ్దాల బలం చాలావరకు 3000కి పైనే ఉంటుంది, అది కత్తిరించుకుపోతుంది. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు "ఎస్ ఫర్ సీత" అని అరుస్తాం. గొంతు ఎత్తుపల్లాలకి ఆధారమైన కింది స్వరాలూ కోతలో పోతాయి. వాటిని మిగిలిన శబ్దాల నుంచి మన చెవి, మెదడు కలిసి తిరిగి అల్లుకుంటాయి, అదో అద్భుతం. కానీ ఇంజను మోత, గాలి హోరు కలిస్తే ఆ అల్లిక చెడిపోతుంది. పైగా ప్రశ్నకి గొంతు ఎక్కడ లేపాలన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరు. మనకి "వచ్చాడు" చివర ఒక్క దీర్ఘం చాలు, "వచ్చాడా" అయిపోతుంది. ఆ సదుపాయం ఇంగ్లీషుకి లేదు. అది మాటల వరస మార్చాలి, లేదా గొంతు లేపాలి. గొంతు మీద నమ్మకం లేనిచోట "క్వశ్చన్" అని ముందే చెప్పెయ్యడం తెలివైన పని.

ఇంకో చిక్కు కూడా ఉంది, అది మనవాళ్ళకి మరీ చిక్కు. "ఆర్ యూ నాట్ రెడీ?" అని అడిగితే ఇంగ్లీషువాడు సిద్ధంగా లేకపోతే "నో" అంటాడు. మనం "సిద్ధంగా లేరా?" అంటే "అవునండీ, లేము" అంటాం. ఆ అలవాటుతో ఇంగ్లీషులో "యెస్" అని ఊరుకుంటే అవతలివాడు సిద్ధంగా ఉన్నారనుకుని తాడు వదిలేస్తాడు. అందుకే ఓడల ఇంగ్లీషులో ఉత్త యెస్ చాలదు, ఉత్త నో చాలదు. "నో, ఐ యామ్ నాట్ రెడీ" అని వాక్యమంతా చెప్పాలి. మీ మేడమ్ "ఆన్సర్ ఇన్ ఫుల్ సెంటెన్సెస్" అంటే విసుక్కుంటారే, ఓడ మీదైతే అది ప్రాణానికి సంబంధించిన సంగతి.

విమానాల వాళ్ళు ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. 1977 మార్చి 27న, కానరీ దీవుల్లో టెనెరీఫ్ విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. డచ్చివాళ్ళ కేఎల్ఎమ్ జంబో జెట్ రన్‌వే కొసన నిలబడి ఉంది. అమెరికా పాన్ యామ్ జంబో ఇంకా అదే రన్‌వే మీద నడుస్తోంది. కేఎల్ఎమ్ కో పైలట్ రేడియోలో "వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నాడు. టేకాఫ్ చోటులో నిలబడి ఉన్నామన్న సమాచారమని టవరు అనుకుంది. వాళ్ళేమో అప్పటికే పరుగు మొదలుపెట్టేశారు. టవరు "ఓకే" అంది, ఆగండి పిలుస్తాను అని కూడా అంది. కానీ అదే క్షణంలో పాన్ యామ్ కూడా మాట్లాడటంతో రెండు సిగ్నళ్ళు కొట్టుకుని కీచుమంది. కేఎల్ఎమ్ వాళ్ళకి తేటగా వినబడింది ఆ "ఓకే" ఒక్కటే. 583 మంది పోయారు. డచ్చిలో జరుగుతున్న పనిని చెప్పే వాక్యం తీరు ఒకటుంది, ఇంగ్లీషులో పెడితే అది ఎట్ లాంటి మాటతోనే వస్తుంది. ఆ తీరు ఇంగ్లీషు కిందనుంచి పైకి తేలిందని కొందరు భాషావేత్తలు అనుకుంటారు. ప్రమాదానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయిలే, మొత్తం వ్యాకరణం నెత్తిన రుద్దకూడదు. కానీ ఆ తర్వాత టేకాఫ్ అన్న మాటని, నిజంగా ఎగరమని చెప్పేటప్పుడూ ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడూ తప్ప రేడియోలో వాడకూడదని కట్టుబాటు వచ్చింది.

సరే, వాక్యం ఏ రకమో తేలింది. ఇప్పుడు దాని లోపలికి దిగుదాం. క్లాజులు. ఈ మాట వినగానే అమ్మడి మొహం వాడిపోయింది. అంత భయమెందుకు? ఒకటే పని, ఫైనైట్ వెర్బులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. ఫైనైట్ వెర్బంటే మన సమాపక క్రియే. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో తేల్చేసి, వాక్యాన్ని ముగించగల క్రియ. "వెళ్ళింది" సమాపకం. "వెళ్ళి" అసమాపకం, అక్కడితో ఆపితే "వెళ్ళి?" అని వినేవాడు అడుగుతాడు.

స్టీల్‌ప్లాంటు రోడ్ల మీద "మెన్ ఎట్ వర్క్" అని బోర్డు పెడతారు. ఫైనైట్ వెర్బు ఏదీ? లేదు. అది క్లాజు కాదు, ఉత్త పదాల గుంపు, ఫ్రేజు. "నో స్మోకింగ్" కూడా అంతే. "డు నాట్ స్మోక్" అంటే మాత్రం క్లాజు, యూ అన్న కర్త దాక్కుని ఉంది. ఒకటే నిషేధం, వ్యాకరణం లెక్కలో రెండు వేరువేరు జాతులు.

ఒక్క ఫైనైట్ వెర్బు ఉంటే సింపుల్ సెంటెన్సు: "ద పైలట్ బోర్డెడ్ ద షిప్." ఇక్కడ పైలటంటే విమానం నడిపేవాడు కాదు, ఓడకి హార్బరులో దారి చూపేవాడు; టగ్గంటే ఓడని లాగే పడవ. సమాన హోదా ఉన్న రెండు క్లాజుల్ని అండ్, బట్, ఆర్ లాంటివాటితో కలిపితే కాంపౌండ్: "ద పైలట్ బోర్డెడ్ అండ్ ద టగ్ కేమ్." ఒకటి రెండోదాని మీద ఆధారపడితే కాంప్లెక్స్: "ద టగ్ కేమ్ వెన్ ద పైలట్ కాల్డ్." రెండూ కలిసొస్తే కాంపౌండ్ కాంప్లెక్స్: "వెన్ ద పైలట్ కాల్డ్, ద టగ్ కేమ్ అండ్ ద షిప్ మూవ్డ్." తెలుగులో సామాన్య, సంయుక్త, సంక్లిష్ట వాక్యాలని మీరు చదివేవి వీటికి అన్నదమ్ముల వరసే. కానీ అన్నదమ్ములకి ఒకచోట పేచీ ఉంది, మన పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే.

"ఓడ బొగ్గు దింపి వెళ్ళిపోయింది." తెలుగు మాస్టారు ఏమంటారు? దింపి అనే అసమాపక క్రియ ఉంది కనక సంక్లిష్టం. అదే సంగతి ఇంగ్లీషులో, "హావింగ్ అన్‌లోడెడ్ ద కోల్, ద షిప్ లెఫ్ట్." ఇంగ్లీషు మేడమ్ ఏమంటారు? లెఫ్ట్ ఒక్కటే ఫైనైట్ వెర్బు, కనక సింపుల్. ఒకే సంగతి, ఒక పీరియడులో సంక్లిష్టం, తర్వాతి పీరియడులో సింపుల్! "మరి ఎవరిది రైటు తాతా?" అన్నాడు చిన్నోడు, తగువంటే వాడికి చెవులు నిక్కుతాయి.

మీ మేడమ్ లెక్క రెన్ అండ్ మార్టిన్ పుస్తకం నాటిది. 1930లలో వచ్చిన ఆ గ్రామరు మన దేశంలో మూడు తరాల్ని పాస్ చేయించింది. అందులో రెన్‌గారు బో జెస్ట్ అనే సాహస నవల రాసిన పి.సి. రెన్నే, తెలుసా? ఎడారి యుద్ధాలు రాసిన చేత్తోనే పార్టిసిపుల్స్ కూడా రాశాడు. ఆ సంప్రదాయంలో ఫైనైట్ వెర్బు లేనిది క్లాజు కాదు. అయితే 1985లో రాండాల్ఫ్ క్వర్కు, మరో ముగ్గురు కలిసి ఇంగ్లీషుకి ఒక మహా వ్యాకరణం రాశారు, పదిహేడు వందల పేజీలకి పైమాటే. అందులో హావింగ్ అన్‌లోడెడ్ లాంటివాటిని కూడా క్లాజులుగానే చూశారు, నాన్ ఫైనైట్ క్లాజులని పేరుపెట్టారు. అంటే ఇంగ్లీషు పండితులు నడిచి నడిచి మన తెలుగు మాస్టారు కూర్చున్న అరుగు దగ్గరికే వచ్చారు. నా ఓటు అటే. కానీ పరీక్షలో మాత్రం అమ్మడూ, సింపుల్ అనే రాయి. మార్కులేసేది క్వర్కు కాదు.

ఈ పేచీ ఉత్త పేర్ల గొడవ కూడా కాదు. ద్రావిడ భాషల వాక్యానికి సాధారణంగా ఒక్కటే సమాపక క్రియ, అదీ చివర్న. మిగతా క్రియలన్నీ వచ్చి, చూసి, దింపి, వెళ్తే, చెప్పిన, అన్నట్టు అని తలొంచుకుని వరసలో నిలబడతాయి. గూడ్సు బండికి ఇంజను వెనక తగిలించి నెట్టినట్టు, తెలుగు వాక్యం బలమంతా తోకలో ఉంటుంది. ఇంగ్లీషుది మొదట్లోనే, కర్త పక్కనే. ఇక్కడే వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ కుటుంబం భాషలన్నిటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించి, 2003లో కేంబ్రిడ్జి వాళ్ళకి ద్రావిడ భాషల మీద పెద్ద గ్రంథం రాసిచ్చారు. చేకూరి రామారావుగారు 1975లో తెలుగు వాక్యం అనే పుస్తకంలో మన వాక్యాల్ని విప్పదీసి, ఏ వాక్యం ఏ వాక్యంలో ఎలా ఇముడుతుందో చూపించారు. అంతకు ముందు వ్యాకరణమంటే సంధులూ సమాసాలే ఎక్కువ. వాక్యాన్ని పట్టించుకున్నది తక్కువ.

ఆ మాటకొస్తే భాష చెప్పే పద్ధతి మీద మన విశాఖలో రభస జరిగి నూరేళ్ళు దాటింది. 1900ల మొదటి పదేళ్ళలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్సు, ఇక్కడి మిసెస్ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తిగారు, విజయనగరం నుంచి గురజాడ అప్పారావుగారు, నలుగురూ ఒక్కమాట మీదికొచ్చారు. జనం నోట ఆడే భాషని వదిలేసి పుస్తకాల భాష పట్టుకుని పిల్లల్ని చావగొట్టడం ఏమిటని. వ్యావహారిక భాషా ఉద్యమం అలా రాజుకుంది. గ్రామరు కూడా నోట్లో ఆడే వాక్యాల నుంచే మొదలెట్టాలని నాకు అనిపించడం వెనక ఆ పెద్దల చలవే ఉంది.

నోట్లో ఆడే తెలుగుతో ఇంగ్లీషు క్లాజుల్ని పట్టుకునే కిటుకు ఒకటి చెబుతాను. 1933 అక్టోబరు 7న మన హార్బరులోకి మొట్టమొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ. ఇప్పుడు మూడు వాక్యాలు చూడండి. "ఐ నో వెన్ జలదుర్గ కేమ్." "ఐ నో ద డే వెన్ జలదుర్గ కేమ్." "పీపుల్ చీర్డ్ వెన్ జలదుర్గ కేమ్." మూడింట్లోనూ అవే మూడు మాటలు, వెన్ జలదుర్గ కేమ్. అక్షరం తేడా లేదు. కానీ మొదటిది నౌన్ క్లాజు, రెండోది ఎడ్జెక్టివ్ క్లాజు, మూడోది ఎడ్వర్బ్ క్లాజు. ఇంగ్లీషు పిల్లాడు ఇక్కడ బుర్ర గోక్కుంటాడు. మీరు గోక్కోనక్కర్లేదు. తెలుగులో అనుకోండి, చాలు. "జలదుర్గ ఎప్పుడొచ్చిందో నాకు తెలుసు." "జలదుర్గ వచ్చిన రోజు నాకు తెలుసు." "జలదుర్గ వచ్చినప్పుడు జనం కేరింతలు కొట్టారు." ఎప్పుడొచ్చిందో, వచ్చిన, వచ్చినప్పుడు. మూడు పనులకి మూడు వేషాలు! తెలుగు క్రియ చివర ఓ గానీ అని గానీ తేలితే నౌన్ క్లాజు అనుకో. వచ్చిన, చెప్పిన అని వచ్చి వెంటనే ఒక పేరుని పట్టుకుంటే ఎడ్జెక్టివ్. వచ్చినప్పుడు, వస్తే, వచ్చినా, వచ్చేదాకా అంటే ఎడ్వర్బ్. నూటికి నూరుపాళ్ళూ పనిచేస్తుందనను గానీ, పరీక్ష హాల్లో ఇది చాలా దూరం తీసుకెళ్తుంది.

ఇంగ్లీషు క్లాజుకి గుర్తు తల మీద ఉంటుంది: దట్, విచ్, వెన్, ఇఫ్, బికాజ్. తెలుగు క్లాజుకి గుర్తు తోకకి ఉంటుంది. ఇంత చిన్న తేడా వల్ల ఎంత వింత జరుగుతుందో చూడండి. ఈ వాక్యం చదవండి: "ద షిప్ ద టగ్ ద పైలట్ కాల్డ్ పుల్డ్ లెఫ్ట్."

అమ్మడు రెండుసార్లు చదివి, తప్పుంది అంది. ఏ తప్పూ లేదు. ఓడ వెళ్ళిపోయింది. ఏ ఓడ? టగ్గు లాగిన ఓడ. ఏ టగ్గు? పైలట్ పిలిచిన టగ్గు. ఇంగ్లీషు గ్రామరు ప్రకారం ప్రతి అక్షరమూ సబబే. కానీ మూడు కర్తలు వరసగా వచ్చి నిలబడ్డాయి, వాటి క్రియలు ఇంకా రాలేదు. మూడింటినీ బుర్రలో పట్టుకుని ఉండగా మూడు క్రియలు తలకిందులు వరసలో వచ్చి పడ్డాయి. ఏది ఎవరిదో జత కలిపేలోగా బుర్ర చేతులెత్తేసింది. ఇదే తెలుగులో చెప్పండి. "పైలట్ పిలిచిన టగ్గు లాగిన ఓడ వెళ్ళిపోయింది." చిన్నోడికి కూడా అర్థమైపోయింది. పైలట్ రాగానే పిలిచిన వచ్చేసింది, టగ్గు రాగానే లాగిన వచ్చేసింది. ఎవరి క్రియ వాళ్ళకి అక్కడికక్కడే ముట్టింది, ఎవరూ బాకీ లేరు.

అయితే మురిసిపోకండి, మనకీ ఒక గొయ్యి ఉంది. "సూపర్వైజరు ఫోర్‌మన్ క్రేను ఆగిపోయిందని చెప్పాడని రాశాడు." ఏమైనా తలకెక్కిందా? ముగ్గురు వరసగా నిలబడ్డారు, క్రియలు ఆఖర్న ఒక్కసారిగా ఊడిపడ్డాయి. ఇంగ్లీషులో ఇది హాయిగా నడుస్తుంది: "ద సూపర్వైజర్ రోట్ దట్ ద ఫోర్‌మన్ సెడ్ దట్ ద క్రేన్ హాడ్ స్టాప్డ్." తెలుగువాళ్ళం తెలివిగా వరస తిప్పేసుకుంటాం, "క్రేను ఆగిపోయిందని ఫోర్‌మన్ చెప్పాడని సూపర్వైజరు రాశాడు" అని. గొయ్యి పూడిపోతుంది. ఒక క్లాజు ఇంకో క్లాజు నడిమధ్యలో దూరితే మనిషి జ్ఞాపకశక్తి తట్టుకోలేదని, కొసకి తగిలిస్తే ఎన్నైనా మోస్తుందని జార్జ్ మిల్లర్, నోమ్ చామ్‌స్కీ 1963లో రాశారు. అది ఏ భాష బలమూ కాదు, ఏ భాష లోపమూ కాదు. పుర్రెలో ఉన్న జాగా అంతే.

అదే 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే ఆయన ముప్పై భాషల్ని పోల్చి 45 సూత్రాలు అచ్చువేశాడు. అందులో పద్నాలుగోది నాకు మహా ఇష్టం. షరతు పెట్టి చెప్పే వాక్యంలో ఏ భాషలోనైనా సరే మామూలు వరస, ముందు షరతు, తర్వాత ఫలితం. క్రియ ముందు పెట్టే భాషయినా, వెనక పెట్టే భాషయినా. వర్షం వస్తే ఆట ఆగుతుంది అంటాడు ప్రపంచంలో ఎవడైనా. తిప్పి చెప్పడానికి ఇంగ్లీషులో వీలుంది, కానీ అది రెండో దారి.

ఇప్పుడు ఉక్కు కర్మాగారానికి వెళ్దాం. అక్కడ మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముచ్చటైన పేర్లు. పేర్లు చల్లగా ఉన్నా కడుపులో మంట. వాటిలోంచి వచ్చే గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకోవడం కన్నా రెండు వందల రెట్లు గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు. ఇలాంటి గ్యాసు ఉండే ఏ ఫ్యాక్టరీలోనైనా తలుపు మీద ఒక బోర్డు ఉందనుకోండి: "డు నాట్ ఎంటర్ అన్‌లెస్ ద గ్యాస్ హాజ్ బీన్ టెస్టెడ్." అన్‌లెస్ అంటే షరతు, పైగా కడుపులో కాదు అన్న అర్థం దాచుకున్న షరతు. ముందు ఒక నాట్, వెనక దాక్కున్న ఇంకో నాట్. రెండు కాదులు కొట్టుకుపోయి ఏం మిగిలిందో తేల్చుకోవాలి, అదీ షరతు వెనక వచ్చిన వరసలో. పరుగు మీద ఉన్నవాడు ఎంటర్, టెస్టెడ్ అనే రెండు మాటలు చూసి, పరీక్ష అయిపోయింది, వెళ్ళొచ్చు అనుకుంటే?

అమ్మడిని తిరగరాయమన్నాను. కాసేపు పెన్ను కొరికి, "ఇఫ్ ద గ్యాస్ హాజ్ నాట్ బీన్ టెస్టెడ్, డు నాట్ ఎంటర్" అని రాసింది. గ్రీన్‌బర్గ్ చెప్పిన వరసే, మన తెలుగు వరసే. గ్యాసు పరీక్షించకపోతే లోపలికి వెళ్ళొద్దు. దాక్కున్న కాదు బయటికొచ్చింది.

"ఇప్పుడు విడగొట్టు" అన్నాను.

"మెయిన్ క్లాజు డు నాట్ ఎంటర్. అందుకని ఇంపరేటివ్. ఇఫ్ ముక్క తెలుగులో పరీక్షించకపోతే కాబట్టి ఎడ్వర్బ్ క్లాజు. ఒక మెయిను, ఒక సబార్డినేటు, కాబట్టి కాంప్లెక్స్. ఓడవాళ్ళయితే ముందు వార్నింగ్ అంటారు."

"ఇన్‌స్ట్రక్షన్ అంటారు" అన్నాను. "వార్నింగ్ అంటే ప్రమాదం ఉందని చెప్పడం. ఇది వెళ్ళొద్దని చెప్పడం."

"మరి హాజ్, బీన్, టెస్టెడ్ మూడు క్రియలు కదా తాతా, మూడు క్లాజులు అవ్వాలి" అన్నాడు చిన్నోడు. కావురా. మూడూ కలిసి ఒకే క్రియాగుచ్ఛం. ఫైనైట్ పని చేసేది హాజ్ ఒక్కటే, ఏకవచనమూ కాలమూ దాని మీదే ఉన్నాయి. అది మారితే వాక్యం మారుతుంది, మిగతా రెండూ దాని వెనక నడిచేవి.

వాడు ఇంకా అమ్మడు రాసిన వాక్యం వంకే చూస్తున్నాడు.

"బావుంది గానీ తాతా, టెస్టు చెయ్యాల్సింది ఎవరు?"

ఆ వాక్యంలో లేదు. పాసివ్ వాయిస్‌లో కర్త తప్పించుకుపోయాడు.